వెన్నెముకల లెక్క

కిసుములో, బస్టాండు వెనక, ఇనుప సామాన్ల కొట్టు మీద
నా సాయంకాలపు క్లాసు.
మేనేజిమెంటు డిప్లొమా. పద్దెనిమిది మంది.
కరెంటుంటే ఫ్యాను, లేకుంటే సరస్సు గాలి.

మొదటి రెండేళ్ళూ పాఠ్యపుస్తకమే చెప్పాను.
అందులో కంపెనీలన్నీ మంచు కురిసే ఊళ్ళవి.
సగం ఎప్పుడో మూతపడ్డాయి,
పుస్తకంలో మాత్రం ఇంకా లాభాలు గడిస్తూనే ఉన్నాయి.
బోడా బైకు నడిపే ఒగూతు వెనక బెంచీలో
హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని నిద్రపోయేవాడు.
కోపం వచ్చేది కాదు. నాకూ నిద్రొచ్చేది.

ఒకనాడు మందాజీలు చుట్టిన కాగితం విప్పితే
నూనె మరకలో పెట్రోలు ధర.
అలాగే పట్టుకెళ్ళి గోడకి అంటించాను.
"లీటరుకి ఎనిమిది షిల్లింగులు పెరిగింది.
ఒగూతూ, రేపు నీ కిరాయి ఎంత?"
మెలకువ వచ్చింది వాడికి.
పెంచితే గిరాకీ పోతుందన్నాడు,
పెంచకపోతే తాను పోతానన్నాడు,
స్టాండులో అందరం కూడబలుక్కుంటేనో, అన్నాడు.
నలభై పేజీల అధ్యాయం
నాలుగు నిమిషాల్లో అయిపోయింది.

అప్పట్నుంచీ నా సిలబస్ పొద్దున ఆరింటికి గుమ్మంలో పడుతుంది.
కత్తెర, జిగురు సీసా.
మా ఆవిడకి మిగిలేది కిటికీలున్న పేపరు.
గుర్రపుడెక్క అల్లుకుని లాంచీలు ఆగితే, రిస్కు.
ఎవరి బావమరిదికో సిమెంటు కాంట్రాక్టు దక్కితే
నెట్‌వర్కింగ్ అన్నాను. క్లాసు నవ్వింది.
పరీక్షలో రాయొద్దన్నాను.

మొన్న మంగళవారం, మూడో పేజీ.
చేపల ఫ్యాక్టరీ రెండో షిఫ్టు ఎత్తేసింది.
నూట నలభై రెండు మంది.
మంచి కేసు. నిజం చెప్పొద్దూ, సంబరపడ్డాను.
బోర్డు మీద బాణాలు గీశాను:
వల, పడవ, ఐసు, ఫ్యాక్టరీ, విమానం,
చలిదేశంలో ఎవరిదో పళ్ళెం.
మన నీళ్ళలో చేపకి వాళ్ళ గట్టున బేరం.
"ఖర్చు తగ్గించుకోవడం సరైన నిర్ణయమేనా?"

చెయ్యెత్తకుండానే లేచింది అపోండి.
లెక్కల్లో దిట్ట, మాట తక్కువ,
ఎప్పుడూ కాస్త వేపుడు వాసన.
"మ్వాలిమూ, కండ విమానమెక్కితే
వెన్నెముక ఎటు పోతుంది?"

ఎవరూ మాట్లాడలేదు. అందరికీ తెలుసు.
కండ కోసేశాక తల, ముల్లు, తోక
వెనక గేటు దగ్గర ఆడవాళ్ళు బస్తాల్లో కొంటారు,
ఎండబెట్టి, వేయించి, సంతలో అమ్ముతారు.
ఎంగోంగో వాజీ అంటాం.
వీపు తెరిచిన గౌనులా ఉంటుందని ఎగతాళి పేరు.
ఊరు తినే చేప అదే.

"రెండో షిఫ్టు ముళ్ళు మావి," అంది.
"మీ నూట నలభై రెండులో మేం లేం.
మొదటి షిఫ్టు ముళ్ళు అవతలి సంఘం వాళ్ళవి,
రేపట్నుంచి వాళ్ళతో జుట్లు పట్టుకోవాలి.
ఇది ఏ అధ్యాయం?"

ఫ్యాక్టరీ నుంచి కిందికి ఒక బాణం గీశాను.
గేటు. బస్తా. బాండీ.
బోర్డు అయిపోయింది.
ఆమె వచ్చి సుద్దముక్క తీసుకుంది,
గోడ మీద కొనసాగించింది:
కట్టెలమ్మే ముసలాయన, నూనె అరువిచ్చే కొట్టు,
వారం చీటీ, చీటీ పాడి కట్టే కాలేజీ ఫీజు.
అక్కడ బాణం వంకర తిరిగి
నా కుర్చీ వెనక్కొచ్చి ఆగింది.
సుద్ద అరిగిపోయి ఆగిందో, అక్కడికే వద్దామనుకుందో.

గోడ పాడుచేశారని కొట్టు యజమాని కేకలేశాడు.
సున్నం కొట్టించమన్నాడు. ఇంకా కొట్టించలేదు.

నిన్న సంతలో అపోండి దగ్గర రెండు ముళ్ళు కొన్నాను.
ధర పెంచింది. ఎంత పెంచాలో తనే లెక్క కట్టుకుంది,
నేనేం నేర్పలేదు.
బేరమాడలేదు.
ఇంటికొచ్చి పొట్లం విప్పితే మూడో పేజీ.
నూట నలభై రెండు మీద నూనె పాకి
కాగితం పలచబడింది,
అంకెలోంచి నా వేళ్ళు కనిపిస్తున్నాయి.